పైకి పిలిచే మనిషి

సైరను మోగగానే మిరపచేలో ఆడవాళ్లంతా నడుములెత్తారు. క్వారీలో బ్లాస్టింగు అయ్యాక గట్టెక్కి అన్నాలు తినటం ఆ ఊరి కూలీలకు అలవాటు. దేవమణి మాత్రం నడుమెత్తలేదు. ఒడిలో పండుకాయల్ని అదుముకుని, వంగిన మనిషి వంగినట్టే చెవులప్పగించి ఉండిపోయింది. రెండు చేల అవతల, తెల్లటి రాతిగుట్టల వెనక ఉన్న ఆ సున్నపురాయి గుంట ఇక్కడికి కనపడదు. గాలి ఇటు తిరిగిన రోజున మాత్రం అక్కడి కేకలు వినపడతాయి.

ఆ రోజు గాలి ఇటే ఉంది.

"డేవిడ్‌రాజూ, పైకి రా! జ్ఞానయ్యా, పైకి రా! శాంతికుమారూ, మిషనాపి పైకి రా!"

ఆ గొంతు దేవమణి భర్త రత్నబాబుది. అతను క్వారీలో మేటు. పేలుడుకు ముందు ఎర్రజెండా పట్టుకుని గుంట అంచున నిలబడి, కింద పనిచేసేవాళ్లను పేరుపేరునా పిలిచి పైకెక్కించటం అతని పని. అందరూ ఎక్కారని అతను జెండా ఊపితేగాని బ్లాస్టరు బ్రహ్మయ్య మీట నొక్కడు.

పేర్లన్నీ అయిపోయాయి. దేవమణి కళ్లు మూసుకుంది.

"ఫ్రాన్సిసూ, పైకి రా!"

పక్కసాలులో ముసలామె గంప దించి, "మళ్లీనా..." అంది మెల్లగా.

ఫ్రాన్సిస్ క్రిస్మస్‌కు ముందు, అదే గుంటలో రాళ్లు మీదపడి చనిపోయాడు. సమాధి మీద మట్టి ఇంకా సర్దుకోలేదు.

"ఫ్రాన్సిసూ! ఒరే ఫ్రాన్సిసూ, ఎక్కడున్నావురా? పైకి రా!"

పేలుడు వినపడలేదు. ఆడవాళ్లు అన్నం క్యారేజీలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ మూత తియ్యలేదు. పిలుపు మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది, ఆ తర్వాత ఎవరో నోరు నొక్కినట్టు మధ్యలో తెగిపోయింది. చాలాసేపటికి కాళ్లకింద నేల ఒక్కసారి ఉలిక్కిపడింది. గుట్టల మీద తెల్లదుమ్ము లేచింది.

"తగ్గుద్దిలే మణీ, తినుదువు రా" అంది ముసలామె. దేవమణి గట్టెక్కింది గాని క్యారేజీ విప్పలేదు.

సాయంత్రం రత్నబాబు ఇంటికొచ్చి, ఎప్పటిలాగే వాకిట్లో తొట్టి దగ్గర ఆగాడు. హెల్మెట్టు కడిగాడు. బూట్లు కడిగాడు. కాళ్లూ చేతులూ కడిగి, కనుబొమల్లో ఇరుక్కున్న రాతిపొడిని గోటితో గీకి మళ్లీ కడిగాడు. ఇంట్లోకి మాత్రం రాలేదు. ఈమధ్య కప్పు కింద కూర్చోవటం లేదు. వేపచెట్టు దగ్గర కూడా కాదు, పైన ఏమీ లేని చోట, వాకిలి నడిమధ్యలో స్టూలు వేసుకుంటాడు. అన్నం అక్కడే, పడక అక్కడే. తింటున్నంతసేపూ ఇంటి గోడ పైఅంచునే చూస్తుంటాడు. నందిగామ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు క్రిస్టీ, ఫోను చేసినప్పుడల్లా "నాన్నకియ్యమ్మా" అనేది. నాన్న ఊకొట్టటం కూడా మానేశాక అడగటం మానేసింది.

చీకటి పడకముందే బ్రహ్మయ్య వచ్చాడు. రత్నబాబుతో ఏదో మాట కలపబోయి, బదులు రాక, దడి పక్కన గేదెకు గడ్డి వేస్తున్న దేవమణి దగ్గరికి నడిచాడు.

"ఇవాళ జెండా ఊపలా చెల్లెమ్మా. 'ఫ్రాన్సిస్ కిందే ఉన్నాడు, ఆగు బ్రహ్మయ్యా' అంటాడు. చూసొస్తానని దిగబోయాడు కూడా. మందు దట్టించిన గుంట! ఇద్దరం పట్టుకుని వెనక్కి లాగాం."

"వినపడింది అన్నయ్యా."

"మొదట్లో కుర్రాళ్లు కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. తర్వాత నవ్వారు. ఇప్పుడు భయపడతన్నారు. వీడు పిలవంగా పిలవంగా ఎవరన్నా పలుకుతారేమోనని."

"ఆఫీసరుగారికి తెలిసిందా?"

"నేనైతే చెప్పలా. లేటెందుకయిందిరా అంటే తేనెటీగలు లేచినయ్ సార్ అన్నా. ఎన్నిసార్లని లేస్తయ్యమ్మా తేనెటీగలు?" బ్రహ్మయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "శుక్రవారం క్యాంటీను షెడ్డులో క్యాంపు పెడతన్నారు. మనసు బాగోలేనోళ్లు చెప్పుకోవచ్చంట. నందిగామ నుంచి మేడం వస్తదంట. ఇళ్లల్లో ఆడవాళ్లను కూడా తీసుకురమ్మన్నారు. చెప్పింది బయటికి పొక్కదంట."

దేవమణి అప్పటికే పాస్టరుగారితో ప్రార్థన చేయించింది. తలకు నూనె రాయించింది. పేటలో డాక్టరు నీరసానికి ఇచ్చిన సూదిమందులూ అయిపోయాయి. గడ్డిపరకలు చీరకుచ్చిళ్లకు అంటుకుని ఉండగానే అడిగింది.

"ఆమె నిజంగా వినిద్దా అన్నయ్యా?"

"వినటానికేగా వచ్చేది" అన్నాడు బ్రహ్మయ్య, తనకూ పెద్ద నమ్మకం లేనట్టు.

శుక్రవారం క్యాంటీను షెడ్డుకు కొత్త బ్యానరు కట్టారు. దానిమీద హెల్మెట్టు పెట్టుకున్న మనిషి పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. సేఫ్టీ ఆఫీసరు భవానీప్రసాద్ మైకు పుచ్చుకుని, క్వారీ అంటే ఒక కుటుంబమనీ, కుటుంబంలో దాపరికాలు ఉండకూడదనీ చెప్పాడు. నందిగామ నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చున్న మేడం కృష్ణప్రియ, చదువు అయ్యి ఎన్నాళ్లో కాని పిల్లలా ఉంది. ఆమె లేచి నమస్కారం పెట్టి, నిద్ర ఎలా పడుతోంది, కోపం ఎక్కువగా వస్తోందా, ఇంట్లో మాట్లాడుతున్నారా అని అడిగింది.

మగవాళ్లు నేల చూపులు చూశారు. వెనకనుంచి జ్ఞానయ్య లేచి, "మోకాళ్లు పట్టేస్తన్నయ్ మేడం" అన్నాడు. ఇంకొకతను దుమ్ముకు దగ్గు తగ్గటం లేదన్నాడు.

"మోకాళ్ల డాక్టరు కాదయ్యా, మనసు సంగతి చెప్పండి" అన్నాడు భవానీప్రసాద్. అందరూ నవ్వారు. నవ్వాక ఇంక చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు.

షెడ్డు మూలన సిమెంటు సంచులు కుట్టి పరదా కట్టారు. విడిగా మాట్లాడాలనుకున్నవాళ్లు అక్కడికి రావచ్చని కృష్ణప్రియ చెప్పింది. టీలు తాగి జనం పలచబడుతుంటే దేవమణి మొగుడి మోచెయ్యి పట్టుకుంది. అతను కదల్లేదు. "నా కోసమయ్యా" అంది. అప్పుడు లేచాడు.

పరదా వెనక కుర్చీలో రత్నబాబు అంచు మీద కూర్చున్నాడు. పైన రేకుల కప్పు. అతని చూపు దానిమీదే. కృష్ణప్రియ అది గమనించి, లేచి తన కుర్చీని షెడ్డు బయటికి, ఎండలోకి లాక్కుంది. "ఇక్కడ కూర్చుందాం రండి. నాకూ గాలాడుతుంది" అంది. దేవమణికి ఆ పిల్ల మీద అక్కడే నమ్మకం కుదిరింది.

అతను చేతిలో టోపీని గుండ్రంగా తిప్పుతున్నాడు. ఎవరూ ఏమీ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"రాయి వేలాడతా ఉందండి. నేను చూసా. దాన్ని దులిపి పడగొట్టినాకగాని మనుషుల్ని దించకూడదని పైవాళ్లకి చెప్పా. లారీలు ఆగిపోయినయ్, ముందు కింద పని లాగించు అన్నారు. డేవిడ్‌రాజుని దిగమన్నా. వాడి బూటు అడుగు ఊడిపోయింది. నేను దిగుతాలే మేటూ అన్నాడు ఫ్రాన్సిస్. సరే దిగు అన్నా."

టోపీ తిరగటం ఆగింది.

"దించింది నేనండి. దించినోణ్ని పైకి పిలవాల్సింది కూడా నేనే గదండీ? వాడు ఇంకా ఎక్కలా. ఎక్కకుండా జెండా ఎట్టా ఊపేది?"

దేవమణికి అదంతా కొత్త. ఇన్నాళ్లూ ఒకే వాకిట్లో ఉండి, ఒకే కుండలోది తింటూ, ఈ మాటలు మొగుడి లోపల ఇలా పేర్చి ఉన్నాయని ఆమెకు తెలియదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

కృష్ణప్రియ రాసుకోవటం మానేసి వింది. "రత్నబాబుగారూ, ఇది పిచ్చి కాదు. దెబ్బ. ఆ రాళ్లు మీకూ తగిలాయి. బయటికి కనపడటం లేదంతే. మందులున్నాయి. నాతో మాట్లాడుతుంటే మెల్లగా తగ్గుతుంది. కొన్నాళ్లు ఆ గుంటకు దూరంగా ఉండాలి" అంది.

"ఈ సంగతి ఎవరికన్నా చెపుతారా అమ్మా?" అంది దేవమణి.

"మీరు చెప్పినవన్నీ నా దగ్గరే ఉంటాయి."

ఆ మధ్యాహ్నం రత్నబాబు ఇంట్లోకి వచ్చాడు. గడపలో కాసేపు నిలబడి, కప్పుకేసి చూసి, వచ్చి నులకమంచం మీద పడుకున్నాడు. నోరు కొద్దిగా తెరిచి, చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు. దేవమణి పొయ్యిలో చితుకులు విరిస్తే చప్పుడవుతుందని ఎసరు పెట్టకుండా కూర్చుంది.

ఆదివారం చర్చి అయ్యాక ఫ్రాన్సిస్ భార్య సూసన్ చెప్పుల దగ్గర దేవమణి కోసం ఆగింది. ఇద్దరూ పత్తిమోళ్లు మిగిలిన చేను వెంట నడిచారు.

"అన్నని మేడం దగ్గరికి తీసుకెళ్లావంట గదా వదినా. తగ్గుద్దంటనా?"

"మెల్లగా తగ్గుద్దంది."

"అయితే పిలవటం మానేస్తాడు."

"మానాలి గదా సూసన్. నీకూ కష్టమేగా అది వినటం."

సూసన్ బైబిలును గుండెకు ఆనించుకుంది. "మొదట్లో చెవులు మూసుకునేదాన్ని. ఇప్పుడు గిన్నెలు తోమటం ఆపి వింటన్నా. మా అత్త నేను ఏడుస్తానని ఆయన పేరెత్తదు. నేను ఆమె ఏడుస్తదని ఎత్తను. ఆ పేరు పైకి అనేది అన్నొక్కడే వదినా." చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "తగ్గాలిలే. తగ్గాలనే ప్రార్థన చేస్తన్నా."

సోమవారం పొద్దున పనికి వెళ్లిన రత్నబాబు, దేవమణి చేలోకి బయలుదేరకముందే తిరిగొచ్చాడు. నెత్తిన హెల్మెట్టు లేదు. గేటు దగ్గరే తీసేసుకున్నారు.

బ్రహ్మయ్య షిఫ్టు మధ్యలో బండేసుకుని వచ్చి సంగతి చెప్పాడు. క్యాంపు అయ్యాక ఆఫీసరు ఆ మేడంని కూర్చోబెట్టి, ఎవరినన్నా పేలుడు దగ్గరికి పంపకూడదంటారా అని అడిగాడట. మేడం రత్నబాబు పేరు చెప్పి, విశ్రాంతి ఇవ్వండి, వైద్యం చేయించండి, ఉద్యోగం మాత్రం తియ్యకండి అందట. చివరి మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

"మతి చలించినోణ్ని గుంట అంచున నిలబెడితే రేపు నా పీక మీదకొస్తది అన్నాడమ్మా సారు. కొత్త మేటుని పెట్టారు. వాడు విజిలు ఊదతాడంట."

దేవమణి హెల్మెట్టు తగిలించే మేకుకేసి చూసింది. లాక్కుని తీసుకుపోయింది తను. నా కోసమయ్యా అంది తను.

సైరను మోగేసరికి రత్నబాబు స్టూలు మీదనుంచి లేచాడు. ఆమె లోపలినుంచి వచ్చి చూస్తే వాకిట్లో లేడు. చేలకడ్డంగా పరుగెత్తుతున్నాడు. ఆమె అందుకునేసరికి క్వారీ ముళ్లకంచె రెండు చేతులా పట్టుకుని ఊపుతూ, గొంతు చించుకుని పేర్లు పిలుస్తున్నాడు. డేవిడ్‌రాజు, జ్ఞానయ్య, శాంతికుమార్. లోపల ఎక్కడో విజిలు మోగింది. అతని పిలుపు ఎవరికీ చేరలేదు. నేల అదిరినప్పుడు కంచెను వదలకుండా తల దించుకున్నాడు.

ఇంటికి తెచ్చి అతని అరచేతులు వేడినీళ్లతో కడిగి, పాతచీర చింపి కట్టింది.

"విజిలు ఊదితే ఎవడనుకుంటాడు మణీ, నన్నేనని? పేరు పెట్టి పిలిస్తే నన్నని తెలుస్తది. నేను లేకపోతే ఎవడో ఒకడు కిందుండిపోతాడు."

"ఎవరూ ఉండిపోరయ్యా."

"ఒకడు ఉన్నాడుగా" అన్నాడు.

మంగళవారం ఇద్దరూ పేట బస్టాండులో నందిగామ బస్సెక్కారు. రత్నబాబు కిటికీ పక్కన కూర్చుని, గుడ్డకట్లు కనపడకుండా చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. కృష్ణప్రియ పనిచేసే సంస్థ ఎరువుల కొట్టు పైన మేడమీద గదిలో ఉంది. వాళ్లను చూడగానే ఆమె లేచి నిలబడింది. సంగతి అప్పటికే తెలిసినట్టుంది.

"నేను రెస్టు ఇవ్వమన్నానండి. గేటు మూయమనలేదు."

"మీరు మంచికే చెప్పారమ్మా" అంది దేవమణి. "మీ దగ్గరే ఉంటయ్యన్నారు గదా."

కృష్ణప్రియ ముఖం కందిపోయింది. "ఆయన చెప్పినవేవీ నేను చెప్పలేదు. పేలుడు దగ్గర ఉంచవచ్చా అని అడిగారు. ఉంచవచ్చని ఎలా చెప్పను? ఆ గుంటలోకి దిగిపోతే?"

"ఇప్పుడు బాగుందని చెప్పండి."

"బాగాలేదు కదమ్మా."

"బాగలేదని చెప్పుకోమన్నది మీరేగా!"

గొంతు ఎందుకంత లేచిందో దేవమణికే తెలియలేదు. పక్కగదిలో టైపు కొడుతున్న చప్పుడు ఆగింది. కృష్ణప్రియ కోప్పడలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చింది. తనే వెంటబెట్టుకుని మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఓపిగ్గా చూశాడు. మాత్రలు రాసి, ఇది జ్వరంలా దిగేది కాదు, నెలలు పడుతుంది, మొదట్లో మగతగా ఉంటుంది, ఎత్తుల దగ్గర నిలబడకూడదు అన్నాడు.

మెట్లు దిగాక కృష్ణప్రియ వాళ్ల ఎదురుగానే ఆఫీసరుకు ఫోను చేసింది. లారీలు తూచే కాంటా దగ్గరో క్యాంటీనులోనో, గుంటకు దూరంగా ఏదైనా పని ఇవ్వమని అడిగింది. అవతలి గొంతు గట్టిగానే ఉంది. ఆమె "సార్... సార్..." అంటూ మధ్యలో దూరటానికి చూసి, చివరికి "సరే సార్" అంది.

"గురువారం తీసుకురమ్మన్నారు. ఆయనే మాట్లాడి చూస్తారట. మామూలుగా ఉంటే పాత పనిలోకి తీసుకుంటారు. లేకపోతే లేదు."

"మరి వేరే పని?"

"అది వినిపించుకోలేదమ్మా." ఆమె ఫోనును రెండు చేతులతో పట్టుకుని ఉంది. "నేనూ వాళ్లిచ్చే కాంట్రాక్టు మీద ఉన్నదాన్నే. పై నెల క్యాంపులు మాకిస్తారో ఇవ్వరో కూడా వాళ్ల చేతుల్లోనే ఉంది."

దేవమణికి ఆ పిల్లని ఓదార్చాలనిపించింది. బస్సు వచ్చింది.

మాత్ర వేసుకున్న రత్నబాబు బుధవారం పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. నిద్ర మంచిదే. సైరనుకు మాత్రం ఉలిక్కిపడి లేచి, తూలుతూ చెప్పులు వెతుక్కున్నాడు. దేవమణి తలుపుకు అడ్డం నిలబడింది. అతను తోసుకుపోలేదు. ఆమె కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు.

"నన్ను పంపించు మణీ. నువ్వు ఏం చెప్పమంటే అది చెపుతా. నన్ను అక్కడ నిలబెట్టండి చాలు."

పంపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పంపకపోతే కంచె దగ్గర ఏమవుతుందో కూడా చూసింది. బ్రహ్మయ్య వచ్చి ఆఫీసరు ఏమేం అడగవచ్చో చెప్పి, "సూటిగా మొహంలోకి చూడాలి చెల్లెమ్మా, 'అండి' అని గట్టిగా పలకాలి. మర్యాదగా మాట్లాడినోడు మతి ఉన్నోడి కింద లెక్క వాళ్లకి" అన్నాడు.

పేలుడు అయ్యాక చేలోకి పోయి, సాయంత్రం తిరిగి రాగానే దేవమణి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. మొగుణ్ని ఎదురుగా నిలబడమంది.

"నేనే ఆఫీసర్ని అనుకో. ఏం రత్నబాబూ, ఎట్టా ఉన్నావు?"

"ఊఁ."

"ఊఁ కాదు. బాగానే ఉన్నానండి అనాలి."

"బాగానే ఉన్నానండి."

"నిద్రెట్టా పడతంది?"

అతను కాళ్లకేసి చూస్తుంటే ఆమే అందించింది.

"బాగానే పడుతుందండి."

"బాగానే పడుతుందండి."

"ఫ్రాన్సిస్ ఎక్కడున్నాడు?"

రత్నబాబు తల గుట్టల వైపు తిరిగింది. దేవమణి కుర్చీలోంచి లేవబోయి, తమాయించుకుని కూర్చుంది.

"ఇటు చూడయ్యా. ఫ్రాన్సిస్ చనిపోయాడండి, నాకు తెలుసండి. అనాలి."

అతని పెదాలు కదిలాయి. కళ్లనుంచి నీళ్లు ధారగా కారాయి. ఆమె తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. సాయంత్రందాకా మిరపకాయలు కోసిన చెయ్యి, కంటికి తగిలితే మండిపోతుంది. మోచేతి పైభాగంతో అతని చెంప అద్ది, మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"అను."

"ఫ్రాన్సిస్..."

"చనిపోయాడండి."

"చనిపోయాడండి."

"నాకు తెలుసండి."

"నాకు తెలుసండి."

"మరి పేరు పెట్టి ఎందుకు పిలిచావు? ఇంకా పిలుస్తావా?"

"ఏమనాలి?"

"ఆ అలవాటు పోయిందండి."

మళ్లీ మొదటినుంచి అడిగింది. తడబడితే మళ్లీ. ఏడిస్తే ఆగి, తగ్గాక మళ్లీ. పొయ్యి వెలిగించలేదు, గేదె అరుస్తున్నా లేవలేదు. పలకమీద దిద్దించినట్టు దిద్దించింది. చివరికి అతని గొంతులోంచి మాటలు ఒకదాని వెంట ఒకటి, ఎక్కడా తగలకుండా నున్నగా వచ్చాయి. అప్పుడుగాని ఆమె కుర్చీ ఎత్తలేదు.

గురువారం భవానీప్రసాద్ గది చల్లగా ఉంది. రత్నబాబు తెల్లచొక్కా వేసుకున్నాడు. చేతుల కట్లు ఆ పొద్దునే దేవమణి విప్పేసింది. గోడవారగా వేసిన కుర్చీలో కృష్ణప్రియ కూర్చుని ఉంది. ఆఫీసరు అడిగాడు. రత్నబాబు సూటిగా ఆయన మొహంలోకి చూస్తూ చెప్పాడు. బాగానే ఉన్నానండి. నిద్ర బాగానే పడుతుందండి. ఫ్రాన్సిస్ చనిపోయాడండి, నాకు తెలుసండి.

"మేడం, మీరేమన్నా అడుగుతారా?" అన్నాడు భవానీప్రసాద్.

కృష్ణప్రియ చూపు రత్నబాబు మీదనుంచి దేవమణి మీదికి వచ్చి నిలిచింది. ఆ పిల్లకు తెలిసిపోయింది. దేవమణి రెండు చేతులూ ఒడిలో బిగించి, అడగొద్దు తల్లీ, అడగొద్దు అని లోపల్లోపల ప్రాధేయపడింది. అడిగితే బాగుండునని కూడా ఎక్కడో, ఒక్క క్షణం అనిపించింది.

"లేదు సార్" అంది కృష్ణప్రియ.

ఆఫీసరు తెరిపినపడ్డాడు. "చూశారా, మీ ఒక్క క్యాంపుకే ఎంత మార్పో!" అని బెల్లు కొట్టి, కొత్త హెల్మెట్టు తెప్పించి, స్వయంగా రత్నబాబు నెత్తిన పెట్టాడు. ఎవరో ఫోనుతో ఫొటో తీశారు. "నవ్వవయ్యా" అంటే రత్నబాబు నవ్వాడు.

బయట మెట్ల దగ్గర కృష్ణప్రియ ఆమెను కలుసుకుంది. "మందులు మాత్రం ఆపకండి."

"మందేసుకుంటే తూలతన్నాడమ్మా. తూలేవాణ్ని అంచున నిలబెడితే ఏమవుద్దో మీకు తెలియందేముంది? ఆపితే ఏమవుద్దో అదీ మీకే తెలుసు. ఏది చెయ్యమంటారు?"

కృష్ణప్రియ ఆమె చెయ్యి పట్టుకుని వదిలేసింది.

శుక్రవారం మధ్యాహ్నం సైరను మోగినప్పుడు మిరపచేలో ఆడవాళ్లంతా పిలుపు కోసం చెవులు రిక్కించారు. పేర్లు వచ్చాయి. డేవిడ్‌రాజు, జ్ఞానయ్య, శాంతికుమార్. అంతే. వెంటనే నేల అదిరింది. ముసలామె రెండు చేతులూ జోడించి, "తగ్గిందే మణీ, దేవుడి దయ" అంది. దేవమణి క్యారేజీ విప్పి అందరితోపాటు తిన్నది.

సాయంత్రం రత్నబాబు కాళ్లు కడుక్కుని నేరుగా ఇంట్లోకి వచ్చాడు. కప్పువైపు చూడలేదు. పీట వాల్చుకుని కూర్చున్నాడు. ఆమె గోంగూరపచ్చడి, పప్పూ వడ్డించింది. వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. ఇది కదా తను కోరుకున్నది అనుకుంటూ ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఎట్టా ఉందయ్యా ఇవాళ?"

"బాగానే ఉన్నానండి."

వేళాకోళమనుకుని ఆమె నవ్వబోయింది. అతను నవ్వటం లేదు. తినటం ఆపి, ఆమె మొహంలోకి సూటిగా చూస్తున్నాడు.

"నాతో అండీ ఏందయ్యా? నేను మణిని."

"నాకు తెలుసండి."

ఆమె దగ్గరికి జరిగి అతని ఎడమచెయ్యి పట్టుకుంది. కంచె ముళ్లు దిగిన చోట పుండ్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నొక్కినా అతను చెయ్యి లాక్కోలేదు.

"లోపల ఏముందో నాకు చెప్పు. నాకొక్కదానికే చెప్పు. మొన్న ఎండలో ఆ పిల్లకి చెప్పావు చూడు, అట్టా."

"నిద్ర బాగానే పడుతుందండి."

"ఒక్కసారి పిలవయ్యా ఫ్రాన్సిస్‌ని." ఆమె వాకిలికేసి చూసింది. "ఇక్కడెవరూ లేరు. తలుపేస్తా. ఎంత గట్టిగానన్నా పిలువు. నేను వింటా."

రత్నబాబు ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. భుజాలు సర్దుకున్నాడు. నిన్న ఫొటోకు నవ్విన నవ్వు మొహం మీదికి వచ్చింది.

"ఆ అలవాటు పోయిందండి" అన్నాడు. అని, ఆమె ఇంకేమైనా అడుగుతుందేమోనని అలాగే నిలబడి ఉన్నాడు.